ప్రీలోడ్ లైబ్రరీ

లినక్స్‌లో ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు మిగతా లైబ్రరీలకంటే ముందే మెమరీలోకి చేరే లైబ్రరీ. ‘ఎల్‌డీ_ప్రీలోడ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దాని పేరు రాస్తే చాలు. ‘ఓపెన్’, ‘రీడ్’ వంటి పిలుపులు సీ లైబ్రరీకి చేరేలోపే ఇది అందుకోగలదు. దూరపు ఫైళ్ల కోసం రాసిన లైబ్రరీ అయితే, సర్వర్‌లోని ఫైలును నెట్‌వర్క్ మీద తెచ్చిస్తుంది. ‘క్యాట్’, ‘సీపీ’ కమాండ్లకు ఆ సంగతే తెలియదు.

ఇలాంటి వాడకం భౌతికశాస్త్ర ప్రయోగాల భారీ డేటా దగ్గర కనిపిస్తుంది. జర్మనీలోని డెసీ, అమెరికాలోని ఫెర్మీల్యాబ్ ప్రయోగశాలలు కలిసి రూపొందించిన డీక్యాష్ అనే డేటా నిల్వ వ్యవస్థకూ, ఎక్స్‌రూట్‌డీ అనే మరో వ్యవస్థకూ ఇలాంటి లైబ్రరీలున్నాయి. అనుమతి ఉంటే చీమకుర్తి గ్రానైట్ క్వారీ పక్కన కూర్చుని కూడా జెనీవా సర్వర్‌లోని ఫైలును ‘క్యాట్’తోనే చదవొచ్చు. మౌంట్ చేయనక్కర్లేదు, రూట్ అధికారం అడగనక్కర్లేదు. సుఖమంతా అక్కడే ఉంది.

చిక్కులూ ఉన్నాయి. స్టాటిక్‌గా లింకు చేసిన ప్రోగ్రాముల మీద దీని ఆటలు సాగవు. సెట్‌యూఐడీ ప్రోగ్రాముల దగ్గర భద్రత కోసం లోడర్ దీన్ని చాలావరకు పక్కన పెడుతుంది.