పాడేవారే మాట్లాడాలి

విశ్వవిద్యాలయంలో వరసగా కచేరీలు పెట్టి, పాడినవారితోనో ఆడినవారితోనో ప్రసంగం కూడా చేయించడం ఈ మధ్య పుట్టిన పద్ధతని చాలామంది అభిప్రాయం. 1977లో ఢిల్లీ ఐ.ఐ.టి. ఆచార్యుడు కిరణ్ సేఠ్ స్పిక్ మెకే సంస్థను ప్రారంభించి కళాకారులను కళాశాలల్లోకి తీసుకెళ్ళాక ఆ అభిప్రాయం మరీ స్థిరపడింది. తెలుగునాట జరిగింది వేరు. ఇక్కడ ప్రదర్శనమూ ప్రసంగమూ మొదటినుంచీ కలిసే ఉన్నాయి, వాటిని విడదీసింది ఆధునిక విద్యావ్యవస్థే. కూచిపూడి భామాకలాపంలో సూత్రధారుడు మాధవిగా మారి సత్యభామను ప్రశ్న మీద ప్రశ్న వేసి ఆమె మనసు బయటికి లాగుతాడు. బుర్రకథలో ఒక వంత హాస్యం చెబితే, రెండో వంత ఆనాటి రాజకీయం మాట్లాడతాడు. కథకుడు వాళ్ళకు జవాబు చెబుతూనే కథ నడుపుతాడు. తిరువూరు ప్రాంతంలోని వినగడప లాంటి ఊళ్ళ ప్రేక్షకుడికి వివరణ కోసం వేరే సభ అవసరం లేకపోయింది. ఆటలోనే వివరణ ఉండేది.

ఈ రెండూ ఒకే మనిషిలో నిండుగా కనిపించింది ఆదిభట్ల నారాయణదాసులో. 1864లో పుట్టిన ఆయన హరికథకుడు, వీణ వాయించేవాడు, ఉమర్ ఖయ్యామ్ పద్యాలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చిన పండితుడు. 1919లో విజయనగరం సంస్థానాధీశుడు విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టినప్పుడు దాని అధ్యక్షత ఆయనకే అప్పగించాడు. అదే ఏడు వయొలిన్ ఆచార్యుడిగా ద్వారం వెంకటస్వామి నాయుడు చేరాడు. 1936లో దాసు తర్వాత అధ్యక్షుడయ్యాడు. ఇద్దరూ వేదిక మీద పేరు మోసినవాళ్ళే, ఇద్దరూ తరగతి గదిలో పాఠం చెప్పినవాళ్ళే. ఘంటసాల, పి. సుశీల చదువుకున్నది ఆ కళాశాలలోనే. అంటే ఈ దేశంలో సంగీతానికి ఇంకా డిగ్రీలు అరుదుగా ఉన్న రోజుల్లో, పాడేవాడే, వాయించేవాడే పాఠం చెప్పాలన్న నియమాన్ని ఒక తెలుగు సంస్థ పాటించింది. ఇది చిన్న సంగతి కాదు.

విశ్వవిద్యాలయం మాత్రం వేరే దారి పట్టింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో వెలిసి, 1930 నాటికి వాల్తేరుకు తరలింది. కళాకారులను గౌరవించడానికి అది ఎంచుకున్న మార్గం 'కళాప్రపూర్ణ' బిరుదు. ద్వారానికీ ఆ బిరుదు దక్కింది. గౌరవం గొప్పదే, కాని స్నాతకోత్సవంలో శాలువా కప్పించుకుని వెళ్ళిపోయే కళాకారుడి దగ్గర విద్యార్థి నేర్చుకునేదేముంది? ఆ లోటును మద్రాసు సంగీత అకాడమీ తీర్చింది. 1927 కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన సంగీత సమావేశం ఫలితంగా 1928లో పుట్టిన ఆ సంస్థ, డిసెంబరు ఉత్సవాల్లో పొద్దున విద్వాంసుల చర్చ, సాయంత్రం కచేరీ అనే వరస నిలబెట్టింది. 1941లో ఆ సమావేశాలకు ద్వారం అధ్యక్షత వహించాడు. విశ్వవిద్యాలయం చేయవలసిన పని ఒక సభ చేసింది.

విడదీత వల్ల ఏమవుతుందో 1958లో తేలింది. ఆ సంవత్సరం ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్య సదస్సులో కూచిపూడి గురించి పత్రం సమర్పించింది భౌతికశాస్త్ర అధ్యాపకుడూ సంగీత పరిశోధకుడూ అయిన విస్సా అప్పారావు. ఆడి చూపింది కాంచనమాల. మాట పండితుడిది, ఆట నర్తకిది. కూచిపూడి శాస్త్రీయమా కాదా అన్న వాదం అక్కడ రగిలి చాలాకాలం నడిచింది. అప్పారావు చేసిన సేవను తక్కువ చేయలేం. ఆయన లాంటి వారు పూనుకోకపోతే ఆ వేదిక మీద తెలుగు నృత్యం ఊసే ఉండేది కాదేమో. అయినా ఒక కళకు శాస్త్రీయ హోదా ఉందా లేదా అన్నది, తరతరాలుగా దాన్ని ఆడినవాళ్ళ మాట కన్నా, దాని గురించి రాసిన పత్రాల మీద ఎక్కువగా ఆధారపడటం అప్పుడే మొదలైంది.

ఆ పత్రాల్లో చోటు దొరకనివాళ్ళ సంగతి మరీ బాధాకరం. ఆలయాల్లోనూ మేజువాణీల్లోనూ ఆడిన కలావంతుల స్త్రీలు 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత వేదికలకు దూరమయ్యారు. వాళ్ళ అభినయం, వాళ్ళు పదాలకు పట్టే భావం ఇళ్ళకే పరిమితమయ్యాయి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ వృద్ధులైన ఆ కళాకారిణులను వెతికి, వాళ్ళ దగ్గర నేర్చుకుని, 1970లో హైదరాబాదులో జరిగిన సదస్సులో వాళ్ళనే వేదిక ఎక్కించినప్పుడు ఆ కళకు 'ఆంధ్రనాట్యం' అన్న పేరు నిలిచింది. ఆ సదస్సు విలువ పేరులో లేదు. ఎవరి గురించి ఇతరులు రాస్తూ వచ్చారో, వాళ్ళే స్వయంగా చేసి చూపించారు. నా దృష్టిలో తెలుగునాట కళాకారుల ప్రసంగాల చరిత్రలో అంతకన్నా ముఖ్యమైన ఘట్టం లేదు.

పాడేవారే మాట్లాడాలన్న ఈ వాదానికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. గొప్పగా పాడేవారందరూ గొప్పగా మాట్లాడలేరు, శాస్త్రం చెప్పడానికి పండితుడే కావాలి అన్నది మొదటిది. నిజమే, కాని కళాకారుడు ఉపన్యాసమే ఇవ్వాలని ఎవరన్నారు? ఒక గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాలుగుసార్లు పాడి చూపిస్తే అది ప్రసంగమే. మాధవి లాగా సరైన ప్రశ్న వేయగల పండితుడు పక్కన కూర్చుంటే చాలు, అతడి పని అదే. రెండో అభ్యంతరం మరింత బరువైనది. కళ తనంతట తానే తెలియాలి, వివరణ దాన్ని పలచన చేస్తుంది అంటారు. వింటూ పెరిగిన శ్రోతకు ఆ మాట చెల్లుతుంది. హరికథ, యక్షగానం వినకుండా పెరిగిన నేటి విద్యార్థికి చెల్లదు. పూర్వం ఊరు అందించిన పరిచయాన్ని ఇప్పుడు ఎవరో ఒకరు అందించాలి, లేకపోతే కచేరీ అతడికి శబ్దంగానే మిగులుతుంది.

కొంత మేలు జరిగింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం కూచిపూడిలోని సిద్ధేంద్ర కళాక్షేత్రాన్ని తన పీఠంగా చేసుకుంది. కళ పుట్టిన ఊరికే విశ్వవిద్యాలయం వెళ్ళడం సరైన దిశ. 2008లో మచిలీపట్నానికి కృష్ణా విశ్వవిద్యాలయమూ, నూజివీడుకు రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయ (ఆర్.జి.యు.కె.టి.) ప్రాంగణమూ వచ్చాయి. తిరువూరు వైపు పిల్లలకు ఉన్నత విద్య ఇప్పుడు దూరం కాదు. ఆ ప్రాంగణాలు ఏటా ఒక కచేరీల వరస పెట్టుకోవాలి, అందులో ప్రతి కళాకారుడికీ ప్రదర్శనతో పాటు ఒక పూట మాట్లాడే సమయమూ, దానికి తగిన పారితోషికమూ ఇవ్వాలి. పేరున్న విద్వాంసులతో ఆగిపోకుండా, వినగడప లాంటి ఊళ్ళలో భజన కట్టేవారినీ, కోలాటం నేర్పేవారినీ, ఇంకా బుర్రకథ చెబుతున్నవారినీ పిలవాలి. వాళ్ళు చెప్పేది రికార్డు చేసి గ్రంథాలయంలో భద్రపరచాలి. అది ఈ ఏడే మొదలుపెట్టమని ఆ విశ్వవిద్యాలయాల అధ్యాపకులకు నా విన్నపం.