ఒక గోడ, రెండు సంసారాలు

తల్లాడ సెంటరులో నిలబడ్డవాళ్ళకు మూడు పెద్ద దారులు. ఒకటి వైరా మీదుగా ఖమ్మం, ఒకటి కల్లూరు మీదుగా సత్తుపల్లి, మూడోది ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం. ఈ మూడో దారి మా చుట్టుపక్కల ఊళ్ళ మనుషుల్ని బొగ్గుబావులకు చేర్చింది. వాళ్ళ కష్టం గురించి, సమ్మెల గురించి చాలా రాశారు. వాళ్ళు కాపురాలు చేసిన ఇళ్ళకు మాత్రం మన ఉమ్మడి ఖమ్మం జిల్లా చరిత్రలో దక్కాల్సిన చోటు దక్కలేదు.

మా వైపు పాత ఇల్లంటే నాలుగు పక్కలా గాలి. మట్టిగోడలు, పైన తాటాకో పెంకో, ముందు అరుగు, వెనక పెరడు. ఎవరి గోడ వారిదే. చూరు నీళ్ళు పక్కవాళ్ళ జాగాలో పడితే పెద్దమనుషుల దాకా పోయేది. అలాంటి ఇంట్లో పుట్టినవాడు బావిలో పనికి కుదిరి, రెండు పక్కలా పొరుగువాళ్ళ గోడలే తన గోడలైన క్వార్టరులో దిగాడు.

ఆ వరస ఇళ్ళ మూలం ఇల్లెందులో వెతకాలి. భద్రాచలం పోయే యాత్రికులు అక్కడ పొయ్యికి పెట్టిన నల్లరాళ్ళు అంటుకున్నాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. రికార్డు ప్రకారం 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో పెద్ద వాటా కొన్నది. ఆ మొదటి కంపెనీ పుట్టిన ఇంగ్లండులో గని ఊళ్ళ కూలీలకు ఇళ్ళు బారుగా కట్టించడం అప్పటికే అలవాటు.

అక్కడ ఆ పద్ధతి పేదలతో మొదలు కాలేదు. 1666లో లండను తగలబడ్డాక, మరుసటేడు తెచ్చిన చట్టం ఇళ్ళు ఇటుకతోనో రాతితోనో కట్టాలనీ, ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఇంత మందం ఉండాలనీ చెప్పింది. తాటాకిళ్ళు వరసగా కాలిపోవడం చూసిన మన ఊళ్ళవాళ్ళకు ఆ గోడ విలువ వేరే చెప్పక్కర్లేదు. బాత్ పట్నంలో 1767 నుంచి 1774 దాకా కట్టిన రాయల్ క్రెసెంట్‌లో ముప్పై ఇళ్ళు అర్ధచంద్రాకారంలో ఉంటాయి. అవి కలవారి ఇళ్ళు. ఫ్యాక్టరీలు వచ్చాక అదే సూత్రం కూలీల ఇళ్ళకు దిగింది. అక్కడ వీపుకు వీపు ఆనించి, వెనక తలుపే లేకుండా కట్టిన ఇళ్ళూ ఉండేవి. 1875 ప్రజారోగ్య చట్టం తర్వాత స్థానిక నియమాలు గట్టిపడి, కొత్త వరసల వెనక ఖాళీ జాగా, సందు వచ్చాయి.

కంపెనీలకు ఇందులో ఉన్న లాభం లెక్కేస్తే తెలుస్తుంది. పది ఇళ్ళు విడివిడిగా కడితే ఇరవై పక్కగోడలు కావాలి. బారుగా కడితే పదకొండు చాలు. పైకప్పు దూలాలు ఈ గోడ నుంచి ఆ గోడకు పడతాయి కాబట్టి పొరుగిల్లు మన ఇంటి బరువు కూడా మోస్తుంది. చలిదేశంలో ఆ గోడకే పొయ్యి ఆనించి ఇద్దరూ వెచ్చదనం పంచుకున్నారు. మన ఎండకు దాని ఉపయోగం వేరు: మధ్య ఇళ్ళ పక్కగోడలకు ఎండ తగలదు, ఆ దెబ్బంతా చివరి ఇంటిదే. అయితే గాలికి ముందు వైపు, వెనక వైపు తప్ప మరో దారి లేదు. లోపల బొగ్గు పొయ్యి రాజేస్తే ఆ పొగ తిన్నది ఆడవాళ్ళే. ఆ ఇళ్ళను మెచ్చుకునేటప్పుడు ఇది మరిచిపోకూడదు.

ఇక్కడ కంపెనీ దొరలకు మాత్రం చుట్టూ వరండాతో, కాంపౌండుతో విడి బంగళాలు. కొత్తగూడెంలో బంగ్లాస్ ఏరియాకూ కార్మికుల లైన్లకూ ఉన్న తేడా, కంపెనీ ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టిందో చూపిస్తుంది. 1947లో బొగ్గుగని కార్మికుల సంక్షేమనిధి చట్టం వచ్చాక గని కార్మికుల ఇళ్ళ కోసం ప్రత్యేకంగా డబ్బు కేటాయించడం మొదలైంది.

అయినా ఆ లైన్లు మా ఊళ్ళు చేయలేని పని ఒకటి చేశాయి. మా దగ్గర ఇల్లు ఏ వాడలో ఉందో చెబితే కులం తెలిసిపోతుంది. అక్కడ క్వార్టరు దక్కేది ఉద్యోగాన్ని బట్టి. వేర్వేరు జిల్లాల నుంచి, వేర్వేరు కులాల నుంచి వచ్చినవాళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ పడుకున్నారు. రాత్రి షిఫ్టుకు పోయినవాడి ఇంట్లో పిల్లాడు గుక్కపట్టి ఏడిస్తే ముందు లేచి వచ్చేది పక్కింటివాళ్ళే. నా దృష్టిలో ఉమ్మడి ఖమ్మం జిల్లా కట్టడాల్లో నేలకొండపల్లి స్తూపం, ఖమ్మం ఖిల్లా తర్వాత అంత శ్రద్ధగా చూడాల్సినవి ఈ లైన్లే.

పాత క్వార్టర్లు ఎక్కడా కలకాలం ఉండవు. బావి మూతపడితే ఖాళీ అవుతాయి, ఓపెన్‌కాస్టు వస్తే నేలతో సహా పోతాయి. లైన్లలో పుట్టి పెరిగినవాళ్ళు తల్లాడ చుట్టుపక్కల ఇంకా ఎందరో ఉన్నారు. మీరు ఉన్న క్వార్టరు కొలతలు, గదుల అమరిక, పక్కింటివాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసిపెట్టండి. పాత ఫొటోలుంటే దాచండి, మీ పిల్లలకు చూపించండి.