సెంటున్నర చరిత్ర

బోగోలు మండలం పల్లెల్లో ఇంటిపట్టా చేతికొచ్చిన కూలిమనిషికి ముందు తోచే ప్రశ్న, "బర్రెను యాడ కట్టెయ్యాల?" అని. 2020 డిసెంబరు 25న మొదలైన 'పేదలందరికీ ఇళ్లు' పథకంలో పల్లెకు సెంటున్నర, పట్నానికి సెంటు ఇచ్చారు. సెంటున్నరంటే 72.6 గజాలు. అందులో ఇల్లు 340 చదరపు అడుగులు. మిగిలిన చోట్లోనే మరుగుదొడ్డి, నీళ్లతొట్టి, కట్టెలమోపు, రేపు పెళ్లయ్యే కొడుకు కాపురం. పేదవాడికి ఇంత చాలునని మొదట ఎవరనుకున్నారో గానీ, ఆ అనుకోవడం మాత్రం పాతదే.

నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులకు పోదాం. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ పరయల స్థితిగతుల మీద ప్రభుత్వానికి నివేదిక రాశాడు. చేరిలో గుడిసె కింది నేల కూడా భూస్వామి తనదేననేవాడు. ఎదురుతిరిగిన కూలివాడికి పనితోపాటు కొంపా పోయేది. దీన్ని ఒక దొరగారి దయాగుణం కథగా చదివితే మనం పొరబడినట్టే. నిలువనీడ మీద హక్కు లేనివాడి కూలిరేటు ఎవరు కడతారు? ఇంటిస్థలం మొదటినుంచీ కూలి తగాదానే. 1920ల్లో లేబర్ కమిషనరు శాఖ స్థలాలు సేకరించి పంచింది. హక్కు కొంత వచ్చింది, వాడ మాత్రం వాడగానే ఉండిపోయింది. పరాయి నేలమీద గుడిసె వేసుకున్న కూలీలకు ఆ నేలను సొంతం చేసే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1976లో వచ్చింది. ట్రెమెన్‌హీర్ రాసిన ఎనభై అయిదేళ్లకు!

2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఈ కొలతలు మనుషులు బతకడానికి చాలవన్నారు. కమిటీ వేసి చూడాలని, అప్పటిదాకా కట్టడాలు ఆపమని తీర్పిచ్చారు. కొద్ది వారాలకే డివిజన్ బెంచి దాన్ని పక్కనపెట్టింది. ఇక్కడ మేము ఇబ్బంది పడ్డాం. చాలవన్నది నిజం. ఆగేది మాత్రం పేదోడి గోడే గదా! అమరావతిలో ఇంకో తీరు. అక్కడ మాస్టర్ ప్లాను మార్చి, 2023లో పేదల ఇళ్లకోసం 'ఆర్-5 జోను' తెచ్చారు. భూములిచ్చిన రైతులు కోర్టుకెక్కారు, ఆగస్టులో హైకోర్టు నిర్మాణాలు ఆపింది. రైతుల గోడులో న్యాయం లేదనం. అయితే పేదల ఇంటికి వేరే జోను ఎందుకు కావాల్సి వచ్చిందో ఆలోచించాలి. పెద్దింటిని ప్లానులో మొదటే గీసుకున్నారు, చిన్నింటి కోసం ప్లాను దిద్దాల్సి వచ్చింది.

2025 జనవరిలో కొలత మళ్లీ మారింది. పల్లెకు మూడు సెంట్లు, పట్నానికి రెండు. బర్రెకు కాస్త చోటు దొరకొచ్చు. ఆ మూడు సెంట్లు ఊళ్లో చూపిస్తారా, వానొస్తే మునిగే పల్లంలో చూపిస్తారా అన్నది మనం అడగాల్సే ఉంది.