పరమానందయ్య శిష్యులు: మాటను మాటగానే విన్నవారు

పరమానందయ్య శిష్యుల కథలు తెలియని తెలుగు ఇల్లు అరుదు. 1966లో సి. పుల్లయ్య దర్శకత్వంలో ఎన్.టి. రామారావు కథానాయకుడుగా చలనచిత్రంగా వచ్చిన ఈ కథలు, అంతకు ఎంతో ముందునుండి పెద్దల నోట నడయాడుతున్నవే. అందరూ కలిసి సూది తెమ్మని పంపగా, ఒక్కడే పట్టుకొంటే అందరూ తెచ్చినట్లు కాదని తలచి, తాటిదుంగకు సూదిని గుచ్చి, ఆ దుంగను అందరూ భుజాలపై మోసుకువచ్చిన ఘట్టం వినగానే మనం నవ్వుతాము.

నిరుడు రాయపూర్ సమీపాన ఉన్న ఉర్లాలో, కర్మాగారాల నడుమ నివసించే మా బంధువుల ఇంట ఒక అవ్వ ఈ కథనే చెప్పగా విన్నాను. పిల్లలందరూ నవ్వారు. ఆటిజం ఉన్నదని వైద్యులు నిర్ధారించిన తొమ్మిదేండ్ల మనుమడు మాత్రం నవ్వలేదు. "అందరినీ తెమ్మన్నారు కదా అవ్వా, అందరూ తెచ్చారు" అన్నాడు. ఈసారి మిగిలినవారు వానిని చూచి నవ్వారు. ఆ రెండవ నవ్వే ఈ వ్యాసానికి కారణం.

1943లో అమెరికా వైద్యుడు లియో కానర్ పదకొండుమంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యశాస్త్రంలో ప్రత్యేక స్థితిగా గుర్తింపు పొందింది. గోడమీది పటాలు అన్న మాట విని, అవి గోడ దగ్గర ఉన్నవని సరిదిద్దిన బాలుడు అందులో కనిపిస్తాడు. పేరు కొత్తదే గాని మనుష్యులు కొత్తవారు కారు. 1974లో చాలిస్, డ్యూయీ అను పరిశోధకులు ప్రాచీన రష్యాలోని దైవోన్మత్తులలో ఈ లక్షణాలను చూపారు. 1989లో ఊటా ఫ్రిత్ తన గ్రంథంలో, అస్సీసీ ఫ్రాన్సిస్ శిష్యుడైన జూనిపర్ కథలను ఈ దృష్టితోనే పరిశీలించింది. దానం చేయమన్న బోధను అక్షరాలా పాటించి, ఒంటిమీది వస్త్రాన్ని సైతం మాటిమాటికి ఇచ్చివేసిన అమాయకుడు జూనిపర్. మన శిష్యులకు అతడు దూరపు చుట్టం కాడా?

అయితే ఇక్కడ తొందర పనికిరాదు. ఏరు దాటి, తన్ను తాను లెక్కించుకొనక ఒకడు తగ్గినాడని ఏడ్చే కథ కూడా ఈ శిష్యులదే. దానిలో ఆటిజాన్ని వెదకడం పొరపాటు. ఆ "దశముని" దృష్టాంతాన్ని పద్నాలుగవ శతాబ్దిలో విద్యారణ్యులు పంచదశిలో ఆత్మవిస్మృతికి ఉదాహరణగా చెప్పారు. పద్దెనిమిదవ శతాబ్దిలో తమిళంలో బెస్కీ పాదిరి వ్రాసిన పరమార్థగురువు కథలోనూ ఈ లెక్క ఉన్నది. ఆ కథ 1822లో ఆంగ్లానువాదంతో లండనులో అచ్చయింది. కథాపాత్రకు రోగనిర్ణయం చేయజాలము. మాటలోని అంతరార్థాన్ని విడిచి మాటనే పట్టుకొనే స్వభావాన్ని మన పూర్వులు ఎరుగుదురని మాత్రం సూది కథ చెబుతున్నది.

ఇంకొకటి గమనింపదగినది. గురువు విసుగుకొంటాడు, నష్టపోతాడు, అయినను శిష్యులను వెళ్ళగొట్టడు. ఉర్లాలో ఆ రాత్రి అవ్వ కొంతసేపు ఆలోచించి, "నిజమేరా, ఎవడు మోయాలో గురువుగారే చెప్పవలసింది" అన్నది. మనుమడు తల ఊపి, తరువాతి కథ చెప్పమన్నాడు.