తార్నాక దారిలో దశాంశము

సికింద్రాబాదు నుండి తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోవు దారి కొద్దిపాటిది. నైజాము కాలమున ఆ కొద్ది దూరములోనే రెండు విధముల రూపాయి చెలామణి అగుచుండెను: కంటోన్మెంటులో కల్దారు, నగరములో హాలీ సిక్కా. ఆరు కల్దారులకు ఏడు హాలీలు మారకము. నూరు కల్దారులకు లెక్క వేసినచో 116 రూపాయల 10 అణాల 8 పైలు వచ్చును, శేషము లేదు. అదే మొత్తమును దశాంశములలో వ్రాయబోయినచో 116.666... అని ఆరులు తెగక సాగును. అణాకు 12 పైలు, రూపాయికి 192. ఆ సంఖ్య మూడింట తెగును. పది గాని, నూరు గాని, వేయి గాని తెగవు. పాత లెక్కను మోటు లెక్క యని తోసిపుచ్చువారు ఈ సంగతిని గమనింపరు.

మన అంగళ్లలో భిన్నములు సగము వెంట సగముగా నడచినవి: అర, పాతిక, పరక, వీసము. వీసమనగా పదునారవ వంతు. రూపాయిలో వీసమే అణా. బెల్లపు అచ్చును పంచువానికి ఇంతకంటె సులువైన పద్ధతి లేదు. ఆకాశమును కొలుచువారు మాత్రము అరువదవ వంతులను ఆశ్రయించిరి. 1888లో స్థాపితమై, విశ్వవిద్యాలయ ప్రాంగణమున నెలకొన్న దాయిరతుల్ మారిఫ్ సంస్థ 1954-56 నడుమ అచ్చొత్తించిన అల్ బీరూనీ జ్యోతిర్గ్రంథము ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’లోని పట్టికలు ఆ అరువదుల లెక్కలోనివే.

పది అంకెలు, స్థానవిలువ భారతీయులవి. అంతమాత్రమున దశాంశ భిన్నము గూడ మనదే యనుట అతిశయోక్తి. ఒకట్ల స్థానమునకు కుడివైపున సైతము అదే మెట్లవరుసను కొనసాగించవచ్చునని 952 ప్రాంతమున డమాస్కసులో అల్ ఉక్లీదిసీ చూపెను. 1427లో సమర్‌ఖందున అల్ కాషీ దానిని శాస్త్రముగా తీర్చెను. 1585లో ఫ్లెమిష్ గణితజ్ఞుడు సైమన్ స్టెవిన్ ఒక చిన్న పుస్తకముతో ఐరోపా వర్తకులకు నేర్పెను.

ఆ మెట్లు మన జేబులలోనికి దిగినది 1957 ఏప్రిల్ 1వ తేదీన. రూపాయికి నూరు నయా పైసలు. అణా 6.25 నయా పైసలు. పావు పైసకు నాణెము లేదు. కావున సర్కారు పట్టిక ఒక అణాకు 6, రెంటికి 12, మూటికి 19, నాలుగింటికి 25 అని నిర్ణయించెను. మూడు అణా సరుకులను ఒక్కొక్కటిగా కొన్నవానికి 18, ఒక్కసారిగా కొన్నవానికి 19! 1964లో ‘నయా’ అను మాట తొలగినది.

0.25 పెద్దదా, 0.5 పెద్దదా యని బడిపిల్లవానిని అడిగినచో, ఇరువదియైదే పెద్దది గదా యనును. వానిని నియమములతో బెదరింప బనిలేదు. రూపాయిలో అవి ఎన్నెన్ని పైసలో అడిగిన చాలును: 25, 50. పిమ్మట 0.05 వ్రాయించవలెను. అవి ఐదు పైసలే. ఐదును రెండవ మెట్టుమీద నిలిపినది ఆ నడిమి సున్నయే. దానిని తుడిచినచో ఐదు పైసలు అర్ధరూపాయి యగును.