పప్పుగింజంత అద్దం

"చెంగుతో తుడవమాకు అత్తయ్యా!"

మా అన్నయ్య కొడుకు అంత కేక పెట్టేసరికి నేను హడలిపోయాను. నేను చేసిన నేరమల్లా ఒక్కటే. వాడు సెల్‌ఫోనుకు తగిలించుకునే రూపాయి బిళ్ళంత అద్దం మీద కాస్త దుమ్ము పడింది. అలవాటుకొద్దీ పమిట చెంగు తీసి తుడవబోయాను. కళ్ళజోడు తుడిచినా, కంచం తుడిచినా, పిల్లవాడి మూతి తుడిచినా మనకు చెంగే కదండీ!

ఇది జరిగింది వినగడపలో, మా అన్నయ్య మిరపతోటలో. తిరువూరు పక్క గంపలగూడెం మండలంలో ఉంది ఆ ఊరు. అప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. 2021 చివర, చలి ముదురుతున్న రోజులు. తోట పచ్చగానే ఉంది. పూత మాత్రం నిలబడటం లేదు. తెల్లారి చూస్తే చెట్టు కింద ముగ్గు చల్లినట్టు పువ్వులు. మందు మీద మందు కొట్టి అన్నయ్య విసిగిపోయి ఉన్నాడు. మావాడు ఒక పువ్వు కోసి, రేకలు విడదీసి, ఆ అద్దం దగ్గరగా పెట్టి, "ఇప్పుడు చూడు" అన్నాడు. పువ్వు నడిబొడ్డున నల్లటి పురుగులు బిలబిలమంటున్నాయి! అద్దం తీస్తే ఏమీ లేదు, దుమ్ము నలుసుల్లాంటివి నాలుగు. పొడవు ఒక మిల్లీమీటరు. అదే నల్ల తామర పురుగు. ఆ ఏడాది తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ మిరప రైతుల్ని కన్నీళ్ళు పెట్టించింది అదే. మన దేశంలో దీన్ని మొదటిసారి 2015లో బెంగుళూరులో బొప్పాయి చెట్ల మీద గుర్తించారు. ఆరేళ్ళలో మిరప పూతలోకి వచ్చి కూర్చుంది.

ఇంత బతుకును శాసించేది కంటికి ఆనకపోవడమేమిటి, దాన్ని చూపించే అద్దం ఇంత చిన్నదిగా ఉండడమేమిటి అని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ తరువాత ఆ అద్దం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాను. చదువుతూంటే తెలిసింది, ఇది మన వంటింటికీ కుట్టుపెట్టెకీ బాగా చుట్టమేనని!

మొదట పేరు సంగతి చూడండి. లెన్స్ అంటే లాటిన్ భాషలో మసూరు పప్పు. మనం మైసూరు పప్పు అంటామే, దాని పొట్టు తీయని గింజ. రెండువైపులా ఉబ్బి, అంచులు పలచబడి ఉంటుంది కదా! గాజును ఆ ఆకారంలో అరగదీశారు కనుక దానికా పేరు వచ్చింది. గింజను బద్ద చేస్తే ఒకవైపు ఉబ్బు, ఒకవైపు చదును. అలాంటి లెన్సులూ ఉన్నాయి.

1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే ఆయన సూక్ష్మదర్శినిలో చూసినవన్నీ బొమ్మలు గీసి 'మైక్రోగ్రాఫియా' అనే పుస్తకం అచ్చువేశాడు. అందులో మొట్టమొదట చూసిన వస్తువు ఏమిటనుకున్నారు? సూది మొన! ఎంతో వాడి అనుకునే సూది మొన అద్దంలో మొద్దుబారి, గీతలుపడి కనబడిందిట. తరువాత సన్నని నారబట్టనూ, పట్టుబట్టనూ చూశాడు. అదే పుస్తకంలో నల్లి, పేను కూడా ఉన్నాయి. మడత విప్పితే మూరెడు ఉండే ఈగడు బొమ్మ, అదే, కుక్కల ఒంటి మీద ఎగిరే గెంతుపురుగు బొమ్మ, చూసి జనం నోళ్ళు వెళ్ళబెట్టారు.

ఆ కాలంవాడే హాలండు దేశంలో, డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టలకొట్టు నడిపిన లేవన్‌హుక్. అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూసుకోవడానికి బట్టల వర్తకులు భూతద్దం వాడేవారు. చీర కొనేటప్పుడు మనం చెంగు వెలుతురుకి ఎత్తి పట్టి చూడమూ, అలాగన్నమాట. పోగులు లెక్కపెట్టే ఆ అద్దంతో ఈయన తృప్తిపడలేదు. ఆవగింజంత గాజుపూసలు స్వయంగా సానబెట్టి, రెండు లోహపు రేకుల మధ్య బిగించి, కంటికి ఆనించుకుని చూశాడు. ఆయన చేసినవాటిలో ఇప్పటికి మిగిలినవాటిలో ఒకటి వస్తువును 270 రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది. నీటిబొట్టులో ఈదులాడే ప్రాణుల్ని చూశానని 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తే పెద్దలు నమ్మలేదు. మరుసటి సంవత్సరం హుక్ స్వయంగా చూపించాక గానీ ఒప్పుకోలేదు. బట్టలకొట్టాయన మాటకు విలువేముంది కనుక!

ఆ డెల్ఫ్ట్ మనకు దూరం కాబోలు అనుకోకండి. చిన్న అద్దంతో చిన్న పురుగు గుట్టు విప్పిన పెద్ద కథ ఒకటి మన తెలుగుగడ్డ మీదే జరిగింది, సికిందరాబాదు పక్కన బేగంపేటలో.

1897 ఆగస్టు. రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు మలేరియా దోమవల్ల వస్తుందని రుజువు చేయాలని రెండేళ్ళుగా దోమల్ని కోస్తున్నాడు. కోసి చూసినదల్లా వృథా. ఆగస్టు 16న హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో కూర్చోబెట్టి, రెక్కల మీద మచ్చలున్న రకం దోమలచేత కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున కూలి. పది దోమలకు పది అణాలు ముట్టాయి. లోకానికి మేలు చేసిన ఆ పది అణాల మనిషిని ఎవరు తలుచుకుంటారు చెప్పండి!

ఇక ఆ డాక్టరు పని చేసిన గది సంగతి. ఆయన తరువాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఉంది. ఇరుకు చీకటి గది, చూరు కిందనుంచి వచ్చే కాస్త వెలుతురే ఆధారం. ఎండ మాడ్చేస్తున్నా పంకా వేయనివ్వలేదు. గాలికి కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి మరి! చెవుల్లోకి, కంటిరెప్పల్లోకి దూరే చిన్న ఈగలు కమ్ముకునేవి. నుదుటి చెమట, చేతుల చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. కంటి దగ్గర పెట్టుకునే అద్దాల్లో మిగిలిన ఒక్కటీ పగిలి బీట వేసింది. ఆ బీట వేసిన అద్దంలోంచే ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి ఉన్న గుండ్రటి కణాలు చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఏటా ఆ తేదీన ప్రపంచ దోమల దినం జరుపుతారు. ఆ భవనం ఇప్పటికీ బేగంపేటలో ఆయన పేరుతోనే ఉంది.

నన్నడిగితే ఈ కథలో అసలు పాఠం ఆ పంకాదీ, ఆ తుప్పుపట్టిన మరలదీ. చిన్నదాన్ని చూడాలంటే దగ్గరకు వెళ్ళాలి. దగ్గరకు వెళ్ళాక కదలకూడదు. అంత దగ్గరకు తీసుకెళ్ళే అద్దానికి మన ఎండా, మన చెమటా, మన తేమా శత్రువులు. రాస్‌దొరకు ఎలాగో, మిరపతోటలో మావాడికీ అలాగే.

సూక్ష్మదర్శినిలో చూసింది ఒక్కరి కంటికే. నలుగురికీ చూపాలంటే ఫొటో తియ్యాలి. ఫొటో విద్య పుట్టిన కొత్తలోనే, 1840 ప్రాంతాల్లో, ఇంగ్లండులో టాల్బట్ అనే ఆయన పురుగుల రెక్కల్నీ, లేసు అల్లికల్నీ బొమ్మలుగా తీశాడు. అయినా మామూలు కెమెరాకు దగ్గరి వస్తువంటే చాలాకాలం గిట్టలేదు. లెన్సుకూ పెట్టెకూ మధ్య గొట్టాలు బిగించేవారు, తిత్తులు తగిలించేవారు. దూరాన ఉన్న కొండనీ, ముక్కు ముందున్న చీమనీ ఒకే లెన్సుతో తియ్యడం 1955లో సాధ్యమైంది. కిల్‌ఫిట్ అనే జర్మను పనివాడి 'మాక్రో కిలార్' చిన్న ఫిల్ము కెమెరాలకు ఆ జాతి లెన్సుల్లో మొదటిదని చెబుతారు. మరుసటి ఏడే జపానులో నికాన్ కంపెనీ ఇంకొకటి చేసింది. దానివెనక కారణం పురుగులు కాదండోయ్, అక్షరాలు! జపాను లిపిలో ఒక్కొక్క అక్షరానికీ గీతలు జాస్తి. పుస్తకాల పేజీల్ని చిన్న ఫిల్ము మీదికి ఎక్కిస్తే గీతలు కలిసిపోయేవి. విడివిడిగా కనబడేటంత నిశితమైన లెన్సు కావలసివచ్చింది. మన ఒత్తులూ గుడిదీర్ఘాలూ గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

అసలు మాక్రో అంటే ఏమిటి? వస్తువు ఎంత ఉందో ఫిల్ము మీద బొమ్మ కూడా అంతే పడటం. ఏడు మిల్లీమీటర్ల బియ్యపుగింజ ఫిల్ము మీద కూడా ఏడు మిల్లీమీటర్లే ఉంటుంది. ఆ బొమ్మను కాగితం మీద పెద్దది చేస్తే గింజ జానెడవుతుంది. ఇందుకు చెల్లించుకునే మూల్యాలు రెండు. ఒకటి వెలుతురు. దూరపు వస్తువుకు చాలిన వెలుతురుకు నాలుగింతలు కావాలి. రెండోది లోతు. ఆ దగ్గరలో స్పష్టంగా కనబడే మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. పురుగు కన్ను తేటగా ఉంటే తోక మసక. మీరు ఊపిరి పీల్చి ముందుకు వాలినా చాలు, బొమ్మ చెదిరిపోతుంది. అందుకే ఇంట్లో అయితే ఫ్యాను ఆపాలి, తోటలో అయితే గాలి లేవకముందే, తెల్లవారుజామునే వెళ్ళాలి. ఆ వేళకు చలికి పురుగులూ మందంగా ఉంటాయి. మోచేతులు దేనికైనా ఆనించి, అద్దం మర తిప్పే బదులు మనమే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఒరగాలి.

ఇక చెంగు సంగతి. మావాడు ఎందుకు అరిచాడో తరువాత తెలిసింది. తోటలో దుమ్మంటే ఇసుక రేణువులు. లెన్సు మీద సన్నని పూత ఒకటి ఉంటుంది, వెలుతురు తిరిగి కొట్టకుండా. చెంగుతో రుద్దితే ఇసుకతో గీకినట్టే. అందులోనూ నాది గంజి పెట్టిన నేతచీర! ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. పోనిది ఏదైనా ఉంటే మెత్తని కుంచెతో. అప్పటికీ మరక ఉంటేనే, ఉతికి ఉతికి మెత్తబడిన మల్లుగుడ్డకు లెన్సు శుభ్రం చేసే మందు ఒక చుక్క అద్ది, నడుమనుంచి అంచుకు సున్నాలు చుట్టినట్టు తేలిగ్గా తుడవాలి. చుక్క గుడ్డకే వెయ్యాలి గాని అద్దం మీద వెయ్యకూడదు, సందుల్లోకి దిగిపోతుంది. మిరపకాయలు కోసిన చేతులతో అసలు ముట్టుకోకూడదు. అద్దానికి జిడ్డు, ఆనక మన కంటికి మంట!

దుమ్ముకన్నా గుట్టుగా వచ్చే శత్రువు బూజు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. మావారు ముచ్చటపడి కొనుక్కున్న మాక్రో లెన్సును భద్రమంటే భద్రమని తోలుసంచీలో పెట్టి బీరువాలో బట్టల అడుగున దాచాను. మూడు వర్షాకాలాలు గడిచాయి. తీసి చూస్తే అద్దం లోపల సాలెగూడు పోగుల్లా అల్లుకుపోయి ఉంది. ఆవకాయ మీద బూజు పడితే పైన తీసి పారేస్తాం. లెన్సు లోపల పడిన బూజు విడిచే పులుపుకు పూతే కాదు, గాజూ తినేయబడుతుంది. బాగుచేసేవాడు విప్పి తుడిచినా గుర్తులు పోలేదు. మావారు ఒక్క మాటా అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

బూజుకు కావలసినవి చీకటి, తేమ, కదలని గాలి. తోలుసంచీ తేమను పీల్చి దాచుకుంటుంది. బియ్యం డబ్బాలో పెడితే చెమ్మ లాగేస్తుందంటారు గాని తవుడు దుమ్ము సందుల్లో దూరుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి పెట్టడం మేలు. నీలం గింజలు గులాబీరంగుకు తిరిగాయంటే తేమ తాగేశాయన్నమాట. వేడిచేసి ఆరబెడితే మళ్ళీ నీలమవుతాయి. పిల్లలకు అందనివ్వకండి. తేమ నూటికి నలభై, యాభై పాళ్ళ మధ్య ఉంటే లెన్సుకు హాయి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు సంచీలోనే అరగంట ఉంచాలి, లేకపోతే చల్లచెంబుకు పట్టినట్టు చెమట పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నెలకొకసారైనా తీసి వాడాలి. దాచిన వస్తువుకన్నా వాడిన వస్తువే ఎక్కువకాలం బతుకుతుంది.

ఇంతకీ వినగడప తోట ఏమయిందంటారా? అద్దం ఆ ఏడాది పంటను నిలబెట్టలేదు. ఆ చుట్టుపట్ల చాలామందిలాగే మా అన్నయ్యా నష్టపోయాడు. అయితే ఒక మేలు జరిగింది. మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. నల్లి ఎనిమిది కాళ్ళది, దాని జాతి వేరు, మందు వేరు. ఈ కొత్తదేమో ఆకును వదిలి పూతలోనే కాపురం పెట్టింది. శత్రువెవరో తెలియకుండా కొట్టిన మందుల ఖర్చు ఎంతో లెక్కవేసుకుని అన్నయ్య తల పట్టుకున్నాడు. మరుసటి ఏడు నుంచి పూత మొదలైన దగ్గర్నుంచీ వారానికి రెండుసార్లు పువ్వులు విప్పి చూస్తున్నారు, నీలం రంగు జిగురు అట్టలు కడుతున్నారు. చూసి గానీ మందు కొట్టడం లేదు.

కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా వదిన ఆ అద్దం పెట్టిన డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. పైన మెత్తని మల్లుగుడ్డ, అడుగున సిలికాజెల్ పొట్లం. "ఇప్పుడు ఇది చూసేది నేనే వదినా, వాడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడుగా" అంది. ఇద్దరం తెల్లవారుజామునే తోటలోకి నడిచాం. మంచుకు తడిసిన పువ్వు ఒకటి తుంచి రేకలు విడదీసింది. చెంగు ఎగిరి పువ్వుకు తగులుతుందేమోనని నేను నడుముకు బిగించి దోపుకున్నాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.

పువ్వు శుభ్రంగా ఉంది.