పిడుదు కాటు - నరముల వ్యాధి

మందు ఇచ్చుటకు ముందు వైద్యుడు రోగమును గుర్తింపవలెను. ఈ పని ఒక్కొక్కప్పుడు ఎంత కష్టమో నరములకు సోకు లైమ్ వ్యాధి చరిత్ర తెలుపుచున్నది. ఇందు ఒక సరియైన ఊహ ఋజువగుటకు అరువది యేండ్లు పట్టెను.

1922లో ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరమున గారాన్, బుజాడూ అను ఇద్దరు వైద్యులు ఒక రోగిని పరీక్షించిరి. అతనిని పిడుదు కరచినది. కాటు చుట్టును ఎఱ్ఱని మచ్చ వ్యాపించెను. తరువాత నరముల వెంట దుర్భరమైన నొప్పి పుట్టి, చేతి కండరములు పట్టుతప్పెను. నడుము వద్ద సూది గ్రుచ్చి, మెదడును వెన్నుపామును చుట్టియుండు ద్రవమును తీసి చూడగా అందు తెల్లకణములు అధికముగా నుండెను. సిఫిలిస్‌ను గుర్తించు వాసర్మన్ పరీక్ష కూడ స్వల్పముగా అనుకూల ఫలితము నిచ్చెను.

ఇచ్చట దారి తప్పుట సులభము. కాని వారు రోగి చెప్పిన కథను విడువలేదు. ఇది సిఫిలిస్ కాదనియు, పిడుదు వలన సోకినదనియు, సిఫిలిస్ క్రిమివలె మెలికలు తిరిగిన క్రిమి యేదో కారణమై యుండవచ్చుననియు తలచిరి.

1941లో జర్మనీ వైద్యుడు బాన్‌వార్త్ ఇట్టి రోగులనే వర్ణించెను. నరముల నొప్పి, ముఖపక్షవాతము, ద్రవములో తెల్లకణములు - అన్నియు ఆయన గమనించెను. కాని వ్యాధిని పిడుదుతో ముడివేయలేదు. 1951లో స్వీడనులో ఎఱ్ఱమచ్చ గల రోగులకు పెన్సిలిన్ గుణమిచ్చినట్లు ప్రకటింపబడెను. మందు పనిచేసినను శత్రువు కంటబడలేదు.

ఇంతలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున లైమ్ అను ఊరి ప్రాంతమందు అనేకమంది పిల్లలకు కీళ్ళవాపు వచ్చెను. అల్లెన్ స్టీర్, ఆయన సహచరులు 1977లో దానిని వర్ణించిరి. 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందము పిడుదులలో మెలికల క్రిమిని కనుగొనినట్లు ప్రకటించెను. 1984లో దానికి బొరీలియా బర్గ్‌డార్ఫెరై అని పేరిడిరి. ఆ యేడే బాన్‌వార్త్ వర్ణించిన వ్యాధికి కారణము ఈ క్రిమియే యని తేలెను. లియాన్ వైద్యుల ఊహ ఫలించెను.

ఐనను రోగనిర్ణయము సులభము కాలేదు. ద్రవములో క్రిమిని పెంచి చూపుట అరుదుగా సాధ్యమగును. కావున శరీరము దానిపై తయారుచేయు ప్రతిరక్షకములను వెదకుదురు. వ్యాధి సోకిన తొలి వారములలో ఇవి కనబడకపోవచ్చును. నయమైన పిదప కొన్ని యేండ్లు నిలిచియుండవచ్చును. అందువలన రక్తపరీక్ష యొక్కటే చాలదు.

బావిలోని నీరు చెరువునుండి ఊరినదా, తన జలనుండి వచ్చినదా? రెండు నీళ్ళను పోల్చిన గాని తెలియదు. అట్లే ఒకే దినమున రక్తమును, వెన్నుద్రవమును తీసి రెండింటి ప్రతిరక్షకములను పోల్చుదురు. ద్రవములో నిష్పత్తికి మించి యున్నచో అవి నాడీమండలములోనే తయారైనవని గ్రహింతురు. ఈ నిష్పత్తియు చికిత్స తరువాత చాలకాలము హెచ్చుగా ఉండవచ్చును. కావున తెల్లకణములను లెక్కింతురు, సి.ఎక్స్.సి.ఎల్.13 అను ప్రొటీనును కొలుతురు. ఇది వ్యాధి తొలిదశలోనే పెరిగి, చికిత్సతో త్వరగా తగ్గును. ఇతర వ్యాధులలోను ఇది పెరుగుట కలదు గనుక దీనినొక్కదానినే నమ్మరాదు.

రోగమును గుర్తింపకున్న నరములు దెబ్బతినును. లేని రోగమును అంటగట్టిన అనవసరమైన మందులు వాడవలసి వచ్చుటయే గాక అసలు వ్యాధి మరుగున పడును. 1922లో వలెనే నేడును పరీక్షా ఫలితమును రోగి కథతో సరిచూచు వైద్యుడే సత్యమునకు చేరువయగును.